బ్రెయిలీ వచ్చేసింది... మరి ఇంగ్లీషు పుస్తకం ఎందుకు చదవలేకపోతున్నాడు?

"మా బాబుకు బ్రెయిలీ వచ్చేసిందండి. తెలుగు వాచకం గడగడా చదివేస్తున్నాడు. ఇంగ్లీషు పుస్తకం ఇస్తే మాత్రం సగం మాటలు అర్థం కావడం లేదంటున్నాడు. వేళ్ళలో స్పర్శ ఏమైనా తగ్గిందా?" చూపు లేని పిల్లల తల్లిదండ్రుల నుంచి మా కంటి విభాగంలో తరచుగా వినబడే ప్రశ్న ఇది. చాలా సందర్భాల్లో వేళ్ళలో ఏ లోపమూ ఉండదు. పిల్లవాడి తెలివిలో అసలే ఉండదు. అతని చేతికి వచ్చిన ఇంగ్లీషు పుస్తకం వేరే పద్ధతిలో అచ్చయి ఉంటుంది, అంతే.

బ్రెయిలీలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ప్రతి అక్షరాన్నీ విడివిడిగా రాసేది. దీనిని గ్రేడ్ 1 లేదా కుదించని బ్రెయిలీ అంటారు. రెండవది, మాటలనూ అక్షరాల గుంపులనూ చిన్న గుర్తులతో రాసేది. దీనిని గ్రేడ్ 2 లేదా కుదించిన బ్రెయిలీ అంటారు. ఈ తేడా ముందే తెలియకపోవడం వల్ల బాగా చదివే పిల్లలు కూడా ఆరవ, ఏడవ తరగతుల దగ్గర వెనుకబడుతున్నారు. కొందరు పుస్తకాన్ని పూర్తిగా వదిలేసి, వినడంతోనే సరిపెట్టుకుంటున్నారు. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని వివరంగా తెలుసుకుందాం.

ఆరు చుక్కల లిపి

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశంలోని కూవ్రే అనే గ్రామంలో పుట్టాడు. తండ్రి గుర్రాలకు జీనులు, తోలు సామాను చేసేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్టుతో ఆడుకుంటుండగా అది లూయీ కంటికి గుచ్చుకుంది. ఆ కన్ను చీము పట్టి, జబ్బు రెండవ కంటికీ పాకింది. అయిదేళ్ళు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. (ఇక్కడ ఒక మాట. ఈ రోజుల్లో కూడా పిల్లల కంటికి పుల్ల, సూది, పెన్సిలు గుచ్చుకున్న కేసులు వస్తూనే ఉన్నాయి. ఆకు పసరు, చనుబాలు పోయకండి. కంటిని నలపకుండా, కడగకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకురండి.)

లూయీ 1819లో పారిస్‌లోని అంధ బాలుర పాఠశాలలో చేరాడు. షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తయారుచేసిన ఉబ్బెత్తు చుక్కల పద్ధతి అక్కడ అతనికి పరిచయమైంది. అందులో ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. వేలికొన ఒక్కసారిగా అందుకోలేనంత పెద్దవి. లూయీ వాటిని ఆరుకు తగ్గించాడు. అప్పటికి అతని వయసు పదిహేనేళ్ళు. 1829లో ఆ పద్ధతి పుస్తకంగా వచ్చింది. 1852లో అతను మరణించాడు. రెండేళ్ళ తరువాత, 1854లో, ఫ్రాన్సు దానిని అధికారికంగా స్వీకరించింది. 2009లో అతని ద్విశతజయంతికి మన దేశం రెండు రూపాయల నాణెం విడుదల చేసింది. 2019 నుంచి జనవరి 4ను ఐక్యరాజ్యసమితి ప్రపంచ బ్రెయిలీ దినంగా పాటిస్తోంది.

ఒక్కో గుర్తుకు ఒక చిన్న గడి ఉంటుంది. ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3 చుక్కలు, కుడివైపు 4, 5, 6 చుక్కలు. ఏ చుక్క లేచి ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టి మొత్తం 63 గుర్తులు వస్తాయి. అంతకు మించి రావు. ప్రపంచంలోని భాషలన్నీ ఈ 63 గుర్తులతోనే సర్దుకోవాలి. కుదింపు కథ మొదలయ్యేది ఇక్కడే.

కుదించని బ్రెయిలీ

ఇది నేరుగా ఉంటుంది. ఇంగ్లీషు 'మదర్' అనే మాటలో ఆరు అక్షరాలున్నాయి కనుక ఆరు గడులు పడతాయి. 'నాలెడ్జ్'లో తొమ్మిది అక్షరాలు, తొమ్మిది గడులు. 26 అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు వస్తే ఏ మాటనైనా చదవవచ్చు, రాయవచ్చు. స్పెల్లింగ్ ఎలా ఉందో వేలికి అలాగే తగులుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇది తేలిక.

చిక్కు ఎక్కడంటే, చోటు చాలా పడుతుంది. బ్రెయిలీ అక్షరాన్ని చిన్నది చేయడం కుదరదు. గడి వేలికొనకు సరిపోయేంత ఉండాలి. కాగితం మందంగా ఉండాలి, లేకపోతే చుక్కలు నిలవవు. పెద్ద పుటలో కూడా సాధారణంగా వరుసకు 40 గడులు, అలాంటివి 25 వరుసలు మాత్రమే పడతాయి. కంటితో చదివేవారు చేతిసంచిలో పెట్టుకునే పుస్తకం బ్రెయిలీలో కొన్ని లావుపాటి సంపుటాలవుతుంది. ఇంగ్లీషు బ్రెయిలీ బైబిలు కుదించిన పద్ధతిలో అచ్చువేసినా ఒక బీరువా అర నిండిపోతుంది.

కుదించిన బ్రెయిలీ

పెళ్ళి శుభలేఖలో "చి.ల.సౌ." అని ఉంటే మనం "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" అని చదువుకుంటాం. "కీ.శే." అని కనబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. "కి.మీ.", "రూ." కూడా అంతే. కుదించిన బ్రెయిలీ ఈ అలవాటునే ఒక క్రమమైన పద్ధతిగా మార్చింది. ఇంగ్లీషులో ఇలాంటి కుదింపులు నేడు 180 ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన రకాలు ఇవి:

ఒంటరి అక్షరమే మాట కావడం: 'బి' అక్షరం ఒక్కటే నిలబడితే 'బట్'. 'సి' అయితే 'కెన్', 'జి' అయితే 'గో', 'పి' అయితే 'పీపుల్', 'వై' అయితే 'యూ', 'కె' అయితే 'నాలెడ్జ్'. తొమ్మిది గడుల మాట ఒక్క గడిలోకి వచ్చేసింది.

తరచుగా వచ్చే మాటలకు సొంత గుర్తులు: 'అండ్', 'ఫర్', 'ఆఫ్', 'ద', 'విత్' అనే అయిదు మాటలకూ ఒక్కొక్క గడి. ఆరు చుక్కలూ లేచి ఉంటే 'ఫర్'.

అక్షరాల గుంపులు: 'సిహెచ్', 'ఎస్‌హెచ్', 'టిహెచ్', 'ఐఎన్‌జి' లాంటి జంటలకూ గుంపులకూ ఒక్కొక్క గడి.

ముందు ఒక చుక్క, తరువాత మొదటి అక్షరం: 5వ చుక్క పెట్టి 'ఎమ్' రాస్తే 'మదర్'. 5వ చుక్క పెట్టి 'ఎఫ్' రాస్తే 'ఫాదర్'. 4, 5, 6 చుక్కలు పెట్టి 'డబ్ల్యు' రాస్తే 'వరల్డ్'.

పొట్టి మాటలు: 'గుడ్'కు 'జి', 'డి'. 'ఫ్రెండ్'కు 'ఎఫ్', 'ఆర్'. 'బ్రెయిలీ' అనే మాటకే 'బి', 'ఆర్', 'ఎల్' అనే మూడు అక్షరాలు. 2009లో అమెరికా విడుదల చేసిన లూయీ బ్రెయిలీ వెండి డాలరు మీద ఈ మూడక్షరాలే చుక్కలుగా ఉన్నాయి.

ఒక చిన్న లెక్క చూడండి. 'యూ కెన్ గో విత్ మదర్' అనే ఇంగ్లీషు వాక్యానికి కుదించని బ్రెయిలీలో అక్షరాలకు 18 గడులు, మాటల మధ్య ఖాళీలు 4, మొత్తం 22. కుదించిన బ్రెయిలీలో మాటలకు 6 గడులు, ఖాళీలు 4, మొత్తం 10. ప్రతి వాక్యంలోనూ ఇంత మిగలదు. మొత్తం పుస్తకం మీద చూస్తే దాదాపు పావు వంతు చోటు తగ్గుతుందని చెబుతారు. కాగితం మిగలడం ఒక లాభం. వేలు తక్కువ దూరం నడుస్తుంది కనుక చదువు వేగం పుంజుకోవడం మరొక లాభం.

అయితే ఇది నోటికొచ్చినట్టు కుదించే పద్ధతి కాదు. నియమాలున్నాయి. ఉదాహరణకు రోడ్డు మీద గుంతను ఇంగ్లీషులో 'పాట్‌హోల్' అంటాం. అందులో 'టి', 'హెచ్' పక్కపక్కనే ఉన్నా 'టిహెచ్' గుర్తు వాడరు. ఎందుకంటే ఆ రెండూ రెండు వేరు మాటలకు చెందినవి. ఇలాంటివి నేర్పే ఉపాధ్యాయుడు కావాలి, నేర్చుకోవడానికి సమయం కావాలి. తెలుగు బ్రెయిలీ మాత్రమే తెలిసిన పిల్లవాడి చేతిలో ఒక్కసారిగా గ్రేడ్ 2 పుస్తకం పెడితే, శుభలేఖ ఎన్నడూ చూడనివాడికి "చి.ల.సౌ." చూపించినట్టే ఉంటుంది.

మన తెలుగు బ్రెయిలీ సంగతి

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1951 నాటికి, భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ అనే ఏర్పాటు జరిగింది. తెలుగు 'క', హిందీ 'క', ఇంగ్లీషు 'కె' అన్నిటికీ ఒకే గుర్తు, అంటే 1, 3 చుక్కలు. ఆ సంవత్సరమే డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం మొదలైంది.

తెలుగు బ్రెయిలీలో తలకట్లు, కొమ్ములు, కింద వేలాడే వత్తులు ఉండవు. అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. 'కి' రాయాలంటే 'క' పెట్టి పక్కన 'ఇ' పెడతారు. ఒత్తు అక్షరం రావాలంటే పొల్లును తెలిపే 4వ చుక్కను ముందు పెడతారు. 'అమ్మ' అనే మాటకు అ, పొల్లు, మ, మ అని నాలుగు గడులు. అచ్చులో ఒక్క అక్షరంగా కనబడే 'స్త్రీ'కి బ్రెయిలీలో ఆరు గడులు కావాలి. మన పిల్లలు చదివే తెలుగు పుస్తకాలు సాధారణంగా ఇలా అక్షరం అక్షరంగానే ఉంటాయి. అందువల్ల తెలుగులో దిట్ట అయిన పిల్లవాడికి కుదింపు అనే ఆలోచనే కొత్త.

ఇక్కడ తల్లిదండ్రులు సంతోషించవలసిన విషయం ఒకటుంది. తెలుగు అక్షరాలకు గుర్తులు కేటాయించినప్పుడు ఇంగ్లీషు కుదింపు గుర్తులలో చాలావాటిని దగ్గరి శబ్దానికే వాడారు. ఇంగ్లీషు 'ఎస్‌హెచ్' గుర్తు మన 'శ'. 'సిహెచ్' గుర్తు మన 'ఛ'. 'టిహెచ్' మన 'థ'. 'జిహెచ్' మన 'ఘ'. 'ఓడబ్ల్యు' మన 'ఔ'. 'ఏఆర్' మన 'ఆ'. అంటే తెలుగు బ్రెయిలీ బాగా వచ్చిన బిడ్డ వేలికి ఈ గుర్తులు ఇప్పటికే పరిచయం. కొత్త అర్థం చెబితే చాలు. కొన్ని మాత్రం పూర్తిగా మారిపోతాయి. తెలుగులో 'ష' అయిన గుర్తు ఇంగ్లీషులో 'అండ్', 'ట' అయిన గుర్తు 'విత్'. అందుచేత పుస్తకం తెరిచేటప్పుడే ఇది ఏ భాష, ఏ గ్రేడు అని బిడ్డకు చెప్పడం మంచి అలవాటు.

ముందు ఏది నేర్పాలి?

దీని మీద ఉపాధ్యాయుల్లో చాలాకాలంగా రెండు అభిప్రాయాలున్నాయి. ముందు అక్షరాలన్నీ గట్టిపడాలి, తరువాతే కుదింపులు అనేవారు కొందరు. మొదటి నుంచీ కుదింపులతోనే నేర్పితే తరువాత పాత అలవాటు మార్చుకోనక్కరలేదు అనేవారు కొందరు. ఈ విషయం తేల్చడానికి 2002 నుంచి 2007 వరకు అమెరికా, కెనడాలలో ఏబీసీ బ్రెయిలీ అధ్యయనం జరిగింది. బడి ప్రారంభం నుంచి నాలుగవ తరగతి వరకు పిల్లలను గమనించారు. కుదింపులను తొందరగా, ఎక్కువగా పరిచయం చేసిన పిల్లలు చదవడంలో మెరుగ్గా ఉన్నట్టు కనబడింది.

ఆ పిల్లలకు ఇంగ్లీషు ఇంటి భాష లేదా బడి భాష. మన పిల్లల్లో చాలామందికి అది బడిలో వచ్చే రెండవ భాష. కనుక ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. మా సలహా ఇది: తెలుగు బ్రెయిలీ మాతృభాషలో గట్టిపడనివ్వండి. ఇంగ్లీషు అక్షరాలు రాగానే కుదింపులను పై తరగతుల దాకా వాయిదా వేయకండి. రోజుకు ఒకటి రెండు మాటల చొప్పున మొదలుపెట్టించండి. 'బట్', 'కెన్', 'గో' లాంటి ఒంటరి అక్షరాల మాటలతో ఆరంభిస్తే ఆటలాగే ఉంటుంది.

స్పెల్లింగ్ సంగతి మరచిపోకూడదు. 'కె' ఒక్కటి చూసి 'నాలెడ్జ్' అని చదివే బిడ్డకు ఆ తొమ్మిది అక్షరాలూ తెలుసో లేదో మనకు తెలియదు. రేపు కంప్యూటరు మీటల మీద టైపు చేయాలంటే పూర్తి అక్షరాలు కావాలి. అందుకని ప్రతి కొత్త కుదింపుతో పాటు ఆ మాట స్పెల్లింగును నోటితో చెప్పించాలి, ఒకసారి పూర్తిగా రాయించాలి.

నియమాలు మారాయి, పాత పుస్తకాలు ఉన్నాయి

ఇంగ్లీషు గ్రేడ్ 2 నియమాలపై బ్రిటను, అమెరికా ప్రతినిధులు 1932లో లండనులో ఒక ఒప్పందానికి వచ్చారు. తరువాత ఏకీకృత ఇంగ్లీషు బ్రెయిలీ అనే కొత్త పద్ధతిని 2004లో అంతర్జాతీయంగా ఆమోదించారు. అమెరికాలో అది 2016 జనవరి 4 నుంచి అమలులోకి వచ్చింది. పాత 189 కుదింపులలో తొమ్మిదిని ఇందులో తీసివేశారు. ఉదాహరణకు 'డిడి' గుర్తు, వాక్యం చివరి చుక్క గుర్తు ఒకటే కావడంతో తికమక వచ్చేది. 'టు', 'బై' లాంటివి తరువాతి మాటకు అతుక్కుని ఉండేవి. దాతలు ఇచ్చిన పాత పుస్తకాలలో ఇవి ఇంకా తగులుతాయి. బిడ్డ ఆగిపోతే తప్పు బిడ్డది అనుకోకుండా పుస్తకం ఏ కాలానిదో చూడండి.

పెద్ద వయసులో చూపు తగ్గినవారికి

షుగరు వ్యాధి, నీటికాసులు వంటి వాటివల్ల నలభై, యాభై ఏళ్ళు దాటాక చూపు కోల్పోయేవారున్నారు. వారికి మేము సాధారణంగా కుదించని బ్రెయిలీనే, అదీ తెలుగులోనే, సూచిస్తాం. మాత్రల డబ్బా మీద పేరు, ఫోను నంబర్లు, ఇష్టమైన పాటల మొదటి చరణాలు రాసుకోవడానికి అది చాలు. యూరోపియన్ యూనియన్‌లో మందుల పెట్టెల మీద మందు పేరు బ్రెయిలీలో ఉండాలని 2004లో నిర్దేశం వచ్చింది. అక్కడ కూడా కుదించని పద్ధతినే సిఫారసు చేశారు. నేర్చుకున్నవారూ, కొత్తవారూ అందరూ చదవగలగాలి కదా. దీనికి భిన్నంగా అమెరికాలో గదుల తలుపుల మీది బోర్డులకు కుదించిన బ్రెయిలీ వాడాలని నియమం. చోటును బట్టి, చదివేవారిని బట్టి పద్ధతి మారుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

షుగరు ఎక్కువ కాలం అదుపులో లేకపోతే వేళ్ళలో స్పర్శ తగ్గవచ్చు. కుష్టువ్యాధి వచ్చి తగ్గినవారిలోనూ ఇలా జరుగుతుంది. అలాంటివారు బ్రెయిలీ మొదలుపెట్టే ముందు వేళ్ళ స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. చుక్కలు కాస్త పెద్దగా, దూరంగా ఉండే జంబో బ్రెయిలీ కొందరికి పనికొస్తుంది. వేలు కాలినా తెలియనివారికి పొయ్యి దగ్గర జాగ్రత్త మరీ ముఖ్యం.

ఫోను చదివి వినిపిస్తుంటే బ్రెయిలీ ఎందుకు?

ఈ ప్రశ్న సబబైనదే. నేడు ఫోన్లు తెలుగులోనూ చదివి వినిపిస్తున్నాయి. అది మంచి సహాయం, వాడుకోవాలి. కానీ వినడం వేరు, చదవడం వేరు. విన్నదానిలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ, దీర్ఘం, ఒత్తు, కామా కనబడవు. లెక్కల మెట్లు చెవితో పట్టుకోవడం కష్టం. కంటితో చూసే పిల్లలకు "రేడియో ఉంది, అక్షరాలెందుకు?" అని మనం అనం. ఈ పిల్లల విషయంలోనూ అలా అనకూడదు. పైగా ఇప్పుడు కంప్యూటరుకు తగిలించే బ్రెయిలీ పరికరాలలో చుక్కలు పైకి లేస్తూ, దిగుతూ ఒక్కొక్క వరుస చూపిస్తాయి. అలాంటి వాటిలో చాలావరకు కుదించిన, కుదించని రెండు పద్ధతులనూ ఎంచుకునే వీలుంది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి

1. బడిలో చేర్చేటప్పుడే అడగండి: "ఇంగ్లీషు బ్రెయిలీ గ్రేడ్ 1 నేర్పుతారా, గ్రేడ్ 2 కూడానా? ఏ తరగతి నుంచి?"

2. బడి మార్చేటప్పుడు మీ బిడ్డ ఏ గ్రేడు వరకు చదివాడో కాగితం మీద రాయించుకుని తీసుకెళ్ళండి.

3. మీరూ తెలుగు బ్రెయిలీ నేర్చుకోండి. మీరు కంటితోనే చూసి చదవవచ్చు. అక్షరమాల పట్టిక పెట్టుకుని రోజుకు నాలుగు అక్షరాలు నేర్చుకుంటే రెండు మూడు వారాల్లో బిడ్డ నోటుపుస్తకం చూసి దిద్దగలుగుతారు. అమ్మ రాసిన చీటీ చదువుకోవడం బిడ్డకు ఎంత ధైర్యమో చెప్పనక్కరలేదు.

4. పలక, స్టైలస్‌తో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు గుచ్చాలి. కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. ఇది చూసి బిడ్డ తిరగేసి రాస్తున్నాడని గద్దించకండి. పెర్కిన్స్ బ్రెయిలర్ అనే యంత్రం మీద అయితే మామూలుగానే ఎడమ నుంచి రాస్తారు. దీనిని తమిళనాడులోని కాట్పాడిలో, మొదట కుష్టువ్యాధి నయమైనవారి ఉపాధి కోసం ఏర్పడిన వర్త్ ట్రస్టు తయారుచేస్తుంది.

5. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ళ వరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, తగిన పరికరాలు ఉచితంగా అందించాలి. ధ్రువీకరణ పత్రం తప్పక తీసుకోండి. పుస్తకాలు అడిగేటప్పుడు ఏ గ్రేడు కావాలో కూడా రాయండి.

6. కాస్త చూపు ఉన్న బిడ్డకు పెద్ద అక్షరాలు సరిపోవచ్చు. అయితే మేనరికపు కుటుంబాలలో ఎక్కువగా చూసే రేచీకటితో మొదలయ్యే వంశపారంపర్య రెటీనా జబ్బుల్లో చూపు క్రమంగా తగ్గుతుంది. అలాంటప్పుడు చూపు ఉండగానే బ్రెయిలీ మొదలుపెట్టడం మంచిది. డాక్టరును అడిగి నిర్ణయించుకోండి.

మీ బిడ్డ ఇంగ్లీషు బ్రెయిలీ పుస్తకం దగ్గర ఆగిపోతుంటే, తరువాతిసారి కంటి విభాగానికి వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్నీ, బిడ్డ తెలుగు నోటుపుస్తకాన్నీ వెంట తీసుకురండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు వేళ్ళలో ఉందా, పుస్తకంలో ఉందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.